మా ఇంటికి రాని డబ్బా

డిసెంబరు మొదటి ఆదివారానికి ముందురోజు, సాయంత్రం నాలుగింటికి, గుప్పెడు బియ్యం డబ్బాల బండి మా గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోయింది. ఆగలేదు.

తెలియని వాళ్ళకి చెప్పాలి. మాది పెనుగొండకి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న పేట. పేట మధ్యలో సీఎస్ఐ గుడి. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలు ప్రతి కుటుంబానికీ ఒక రేకు డబ్బా ఇస్తారు. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేయాలి. నాలుగో ఆదివారం డబ్బాలన్నీ గుడికి తెచ్చి బలిపీఠం ముందు చాప మీద పోస్తారు. ఆ రాశితోనే క్రిస్మస్ మధ్యాహ్నం ప్రేమ విందు. ఇటుక బట్టీల కూలీలు, కోత మిషన్ల వెంట వచ్చినవాళ్ళు, చెరువుల కాపలావాళ్ళు, రోడ్డున పోయేవాళ్ళు, ఎవరొచ్చి కూర్చున్నా ఆకు వేస్తారు. నీది ఏ మతం, ఎవరి తాలూకు అని అడగరు. వడ్డించే ముందు డబ్బా ఇచ్చిన కుటుంబాల పేర్లు మైకులో చదువుతారు. ఇదేం ఘనకార్యం కాదు. కానీ మా పేటలో పేరు చదివించుకోని ఇల్లు ఇల్లు కాదు.

డబ్బాలు పంచేది గుడిలో ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రి. నాన్న పోయేదాకా ఇరవై రెండేళ్ళు దానికి అధ్యక్షురాలు మా అమ్మ రత్నమాణిక్యం. ఆ శనివారం బండి తోసుకెళ్ళింది మాత్రం బేబీ. అమ్మ చేతికింద పని నేర్చుకున్న మనిషి. పక్కింటికి ఇచ్చింది, ఎదురింటికి ఇచ్చింది, మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి బండి చక్రం వంక చూసుకుంటూ పోయింది.

"బేబీ, ఆగు."

"వత్తానక్కా, చీకటి పడిపోద్ది."

"నాలుగైంది. మా డబ్బా ఏది?"

బండి ఆపింది. మొహం మాత్రం తిప్పలేదు.

"ఈ ఏడాదికి మీకు లేదులే సూర్యకళక్కా. మీ నాన్నగారు పోయి మూడు నెల్లే కదా. పెద్దమ్మని ఇబ్బంది పెట్టడం దేనికని బుల్లియ్యగారు అన్నారు."

"మూడు పూటలా వండుకు తింటం ఇబ్బంది కాదు గానీ, గుప్పెడు తీసి డబ్బాలో వెయ్యడం ఇబ్బందా?"

"నన్నడిగితే నేనేం చెప్పనక్కా. మగదిక్కు లేని ఇళ్ళకి డబ్బా ఇవ్వం కదా. ఎప్పట్నుంచో ఉన్నదేగా."

లోపల్నుంచి అమ్మ గొంతు వినపడింది. "ఎల్లనియ్యవే దాన్ని. ఇంకా ముప్పై ఇళ్ళు తిరగాలి."

మా నాన్న యేసురత్నం కాలవ మీద తూములు చూసే లస్కరు. వినాయక చవితి పందిళ్ళు విప్పిన వారంలో పోయాడు. ఇంట్లో మిగిలింది అమ్మా, నేనూ. నేను మొగుణ్ణి వదిలేసి వచ్చి తొమ్మిదేళ్ళు. రొయ్యల షెడ్డులో తలలు తీస్తాను. అక్కడ ఐసు నీళ్ళకి ఆడవాళ్ళ చేతులు పుళ్ళు పడుతుంటే గ్లవుసుల కోసం పదకొండు రోజులు గేటు ముందు కూర్చున్నాం. కూర్చోబెట్టింది నేనే. మా ఇంట్లో బియ్యం బస్తా దింపించేది కూడా నేనే. నాన్న మంచాన పడ్డాక ఆఖరి ఆరేళ్ళు ఆయన తిన్నదీ నేను తెచ్చిందే. అయినా డబ్బా ఆయనది. ఆయన పోయాడు, డబ్బా పోయింది. ఇంట్లో ఇద్దరు మనుషులం బతికి ఉన్నామన్న సంగతి ఎవరికీ లెక్కలేదు.

"రేపు గుళ్ళో లేచి అడుగుతాను," అన్నాను.

"అడక్కు," అంది అమ్మ.

అడిగాను.

ఆరాధన అయ్యాక ప్రకటనలు చదవడం మొదలుపెట్టారు. ఎవరింట్లో ప్రార్థన కూటం, ఏ వీధికి ఏ రోజు పాటల బృందం, అవన్నీ. మా గుళ్ళో కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు. ఎడమవైపు నుంచి ప్రకటనల మధ్యలో ఎవరూ లేవరు. నేను లేచాను.

"మనం బొట్టు పెట్టుకోం. ముహూర్తాలు చూడం. శకునాలు లేవని గురువుగారు ప్రతివారం చెప్తారు. మరి మొగుడు పోయిన ఆడదాని చేతి బియ్యానికి ఏం పురుగు పట్టిందండి?"

 గురువు ఆశీర్వాదం గారు, అంటే మా పాస్టరు, రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. సంఘ కార్యదర్శి బుల్లియ్యగారు రిటైరైన పోస్టుమాస్టరు. ఎవరి మీదా కేకలెయ్యని మనిషి. ఆయనే అందుకున్నారు.

"అమ్మాయ్, ఇది షెడ్డు గేటు కాదు. దేవుని మందిరం."

"గేటు దగ్గర పదకొండు రోజుల్లో తెమిలిందండి. ఇక్కడ ఎన్ని రోజులు కూర్చోమంటారో చెప్పండి."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ మాత్రం పాటల పుస్తకంలో ఒకే పేజీ చూస్తూ కూర్చుంది.  ఇంటికి వెళ్ళాక, "పప్పులో ఉప్పెక్కువైంది," అంది. అంతే.

మంగళవారం గురువుగారూ బుల్లియ్యగారూ మా ఇంటికి వచ్చారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. బుల్లియ్యగారు కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పారు.

"కమిటీలో కూలంకషంగా మాట్లాడుకున్నామండి, రత్నమాణిక్యం గారూ. మీ సేవని సంఘం మర్చిపోలేదు. క్రిస్మస్ రోజు విధవరాండ్రకి చీరలిచ్చేటప్పుడు మొదటి చీర మీకే. స్టేజీ మీద మొదటి కుర్చీ కూడా మీదే."

ఈ చీరల సంగతి కూడా చెప్పాలి. రొయ్యల చెరువుల ఆసామి శివరామరాజు గారు ప్రతి క్రిస్మస్‌కీ మా సంఘంలోని మొగుడు పోయిన ఆడవాళ్ళందరికీ చీరలు పంపుతారు. ఆయన రారు, వ్యాన్‌లో చీరల మూట వస్తుంది. బుల్లియ్యగారు మైకులో "కీర్తిశేషులు ఫలానా గారి భార్య" అని పిలుస్తారు. ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి, చీర పుచ్చుకుని, ఫొటోకి నిలబడి, దిగుతారు. ఇరవై రెండేళ్ళు ఆ చీరలు చేతికందించింది మా అమ్మ. ఇప్పుడు ఆ అమ్మనే వరసలో ముందు నిలబెట్టి, గౌరవించామని సంబరపడుతున్నారు. వాళ్ళలో కపటం ఉంటే నాకు సులువయ్యేది. లేదు. నిజంగానే సంబరపడుతున్నారు.

 

"టీ పెట్టనా అండి?" అంది అమ్మ.

వాళ్ళు వెళ్ళాక పడీపడీ నవ్వింది.

"కిందటేడు ఆ చీరలు మడతేత్తా నేనే అన్నాను, ఈ రంగులు ఎవరు కడతారర్రా అని. ఇప్పుడు నేనే కట్టాలి. బాగా సాధించావే."

"నువ్వు ఎక్కవు. నువ్వే కాదు, ఒక్కత్తి కూడా ఎక్కదు. ఇరవై మందినీ కూడగడతాను. స్టేజీ మీద మూట అలా పడి ఉండాలి. అప్పుడు తెలుస్తుంది."

"ఎవరికి?" అంది అమ్మ.

మర్నాడు షెడ్డుకి సెలవు పెట్టి ముందుగా నీలవేణి పిన్ని ఇంటికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. ఒంటరిగా ఒక గేదెని పెట్టుకుని పాలు పోసుకుని బతుకుతుంది. పేటలో ఆవిడ మాటకి మిగతావాళ్ళు ఎదురు చెప్పరు. నేను వెళ్ళేసరికి గేదెని కడుగుతోంది. చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ గేదె వీపు రుద్దుతూనే విన్నది.

"చీరొద్దంటానికి నువ్వెవతివే? నీకు షెడ్డు జీతం ఉంది. నాకు ఏడాదికి కొత్త గుడ్డ అదొక్కటే."

"మైకులో అలా పిలుస్తుంటే సిగ్గనిపించదా పిన్నీ?"

"సిగ్గేంటి? పిలిచేది మా ఆయన పేరు. పద్దెనిమిదేళ్ళయింది పోయి. పిల్లలు కూడా తల్చుకోరు. ఏడాదికి ఒక్కసారి ఆయన పేరు పేటంతా వినపడుద్ది. అదీ ఆపేత్తావా?"

 

పిన్ని బకెట్ కింద పెట్టింది. "ఒకటి చెప్పనా? నీక్కావాల్సింది గొడవ. మాకేం కావాలో అడిగావా ముందు?"

"ఏం కావాలి?"

పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంది.

"డబ్బా," అంది. "మా ఆయనున్నప్పుడు మా ఇంటికీ వచ్చేది. ఆయన పోయిన ఏడే ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ రోజు అన్నంలో కూర్చుంటే ఎవరిదో తింటన్నట్టు ఉంటది నాకు. మా గింజ లేదుగా అందులో."

"ఎవరాపేశారు? బుల్లియ్యగారేనా?"

పిన్ని నా మొహం వంక చూసింది. నాకు తెలియదని అప్పుడే అర్థమైనట్టుంది.

"మీ అమ్మేనే," అంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నిలబడే అడిగాను. తలెత్తలేదు.

"అవును. నేనే ఆపేశాను," అంది.

"ఎందుకు?"

"ఆ ఏడు తుపానొచ్చి చేలన్నీ పడిపోయాయి. నీలవేణి మొగుడు పోయి నెల. పొయ్యి వెలగట్లేదు దానింట్లో. డబ్బా ఇచ్చాం కదాని, పక్కింట్లో చేబదులు తెచ్చి మరీ నింపింది.  ఇకమీదట మొగుడు లేని ఇళ్ళకి డబ్బా వద్దన్నాను. జాలేసే అన్నాను."

ఒక రాయి తీసి పారేసింది. ఇంకో రాయి కోసం వెతికింది.

"ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్క ఇంటికి కూడా ఎల్లి, నువ్వు ఇత్తావా అని అడగలేదు."

నేను ఇంకేదో అనబోయాను. అమ్మ చేట పక్కన పెట్టి, లేచి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"నీలవేణింటికి."

"ఉండు, నేనూ వస్తాను."

"వద్దు. నువ్వొత్తే మీటింగవుద్ది."

మిగిలిన మూడు వారాలూ అమ్మ రోజూ తిరిగింది. పొద్దున్న మంచు విడిచాక బయల్దేరేది, ఎండెక్కాక వచ్చేది. ఇరవై ఇళ్ళు. రేకు డబ్బాలు లేవు. స్త్రీల మైత్రి డబ్బాలన్నీ అప్పటికే పంచేశారు. ఒకరు స్టీలు టిఫిన్ గిన్నె పెట్టారు, ఒకరు మూత లేని కుక్కరు. నీలవేణి పిన్ని పాలక్యాను కడిగి ఎండబెట్టి పెట్టుకుంది. గేదె పాలు అన్నాళ్ళూ బిందెలో పోసింది.

అందరూ రా రమ్మనలేదు. ఒకావిడ తలుపు సగం తెరిచి, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా? నీ బొట్టు... నీ మొగుడు పోతే గానీ కనపడలేదా మా గుమ్మం?" అని ముఖాన అనేసింది. అమ్మ అక్కడే నిలబడి అంతా విని, "నిజమే వదినా," అని వచ్చేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు కూడా. మూడో రోజు ఆవిడ తలుపు తీసి గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, "ఎంత వెయ్యాలేంటి పూటకి?" అని అడిగిందట.

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

రెండో వారం బుల్లియ్యగారు షెడ్డు దగ్గర ఆటో కోసం నిలబడ్డ నా ముందు స్కూటర్ ఆపారు.

"అమ్మాయ్, మీ అమ్మగారికి నువ్వన్నా చెప్పు. వాళ్ళు పుచ్చుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర మనం పుచ్చుకోవడమేంటి? రేపు రాజుగారి చెవిన పడితే? బియ్యం ఇచ్చే స్తోమతుంటే చీరలెందుకని ఆపేస్తే? ఇరవై మంది ఉసురు ఎవరికి?"

ఇది ఉత్త సాకు కాదు. ఆయన భయం నిజంగానే ఆ ఆడవాళ్ళ కోసం. అందుకే కసురుకోకుండా చెప్పాను.

"మీరు ఈస్టరుకి మీ అబ్బాయి బట్టలు పెడితే తీసుకున్నారు కదండీ?"

"ఆయ్. తీసుకున్నాను."

"ఆ ఆదివారం కానుక పళ్ళెంలో ఏమీ వెయ్యకుండా ఉన్నారా?"

ఆయన స్కూటర్ హ్యాండిల్ తుడుచుకున్నారు.

"వాళ్ళకి చీరా కావాలండి, డబ్బా కావాలి. రెండూ కావాలి. మీకులాగే."

"నీతో మాట్లాడలేం తల్లీ," అని స్కూటర్ తిప్పుకున్నారు.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు చీరల మూట వ్యాన్‌లో తనంతట తనే వచ్చింది. డ్రైవర్ గుడి వరండాలో పడేసి, సంతకం పెట్టించుకుని పోయాడు. రాజుగారికి ఈ బియ్యం గొడవే తెలియదు. తెలిసినా ఆయనేమీ అనేవారు కాదేమో. మనకి ఇచ్చేవాళ్ళు ఏమంటారో అన్న భయం ఇచ్చేవాళ్ళకంటే మనవాళ్ళే ఎక్కువ మోస్తారు. షెడ్డులో కూడా అంతే చూశాను.

దానికి ముందరి రోజే నాలుగో ఆదివారం. బేబీ ముందు నిలబడి మొదటి డబ్బా పోసింది. తర్వాత ఒక్కొక్క కుటుంబం. సన్నబియ్యం, స్వర్ణ, ఈ కోతలో మరాడించిన కొత్తబియ్యం, అన్నీ చాప మీద కలిసిపోతున్నాయి. డబ్బాలు అయిపోయాయి. గురువుగారు ప్రార్థనకి చేతులెత్తబోయారు.

అప్పుడు ఎడమవైపు బెంచీల్లోంచి నీలవేణి పిన్ని పాలక్యానుతో లేచింది. వెనకాల కుక్కరు. టిఫిన్ గిన్నె. చీర చెంగులో మూటకట్టుకుని ఒకరు. పందొమ్మిది మంది. ఇరవయ్యో ఆవిడ జ్వరంతో రాలేక బియ్యం పంపింది. అన్నిటికీ వెనక మా అమ్మ, పప్పుల డబ్బాతో.

బుల్లియ్యగారు గురువుగారి వంక చూశారు. గురువుగారు కళ్ళద్దాలు తీయలేదు. ఎత్తిన చేతులు దించి, చాపకి అడ్డంగా ఉన్న తన అంగీ అంచుని ఎత్తిపట్టుకుని పక్కకి జరిగారు.

"రండమ్మా," అన్నారు.

ఎక్కువ భాగం రేషన్ బియ్యం. లావుగా, కాస్త మాసిన రంగులో రాశి ఒక పక్కన వేరే తెలుస్తోంది. బేబీ వంగి రెండు చేతులతో మొత్తం కలిపేసింది. ఎవరూ చెప్పలేదు దానికి. తర్వాత పెద్దమ్మా అంటూ అమ్మ చేతిలోని పప్పుల డబ్బా అందుకుని, దాని అడుగు కొట్టి, మిగిలిన గింజలు కూడా రాల్చింది.

నేను గెలిచేశామనుకున్నాను. తొందరపాటు నాకు పుట్టుకతో వచ్చింది.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో పందిరి కింద అందరం కూర్చున్నాం. ఇటుక బట్టీల నుంచి ఒరిస్సా వాళ్ళు పిల్లల్ని తీసుకుని వచ్చి వరసలో ముందే కూర్చున్నారు. గుండిగల దగ్గర బేబీ, ఇంకో పదిమంది. బుల్లియ్యగారు మైకు సర్దుకుని పేర్లు చదువుతున్నారు. పేరు చదవగానే ఆ ఇంటి పెద్ద లేచి నిలబడతాడు, చివర్లో అందరి మీదా ఒకేసారి ప్రార్థన. కుడివైపు మగవాళ్ళు ఒక్కొక్కరే లేస్తున్నారు. కొత్త చొక్కాల మడతలు ఇంకా విప్పుకోలేదు. ఎనభై నాలుగు కుటుంబాలు. ఆఖర్న ఆయన కాగితం మడుస్తూ అన్నారు.

"మరియు, సంఘ విధవరాండ్రు."

నేను సగం లేచాను. మోకాలి మీద అమ్మ చెయ్యి పడింది. నన్ను కూర్చోబెట్టి తనే లేచింది.

"బుల్లియ్యగారూ, ఆ కాగితం మడవకండి. మాకు పేర్లున్నాయి."

"అదేనండి, అందర్నీ కలిపి..."

"అందరి అన్నం కలిపి ఒండుకోలేదండి మేం. ఇరవై ఒక్క పొయ్యిలు. రాసుకోండి, చెప్తారు."

ఆయన గురువుగారి వంక చూడలేదు ఈసారి. జేబులోంచి పెన్ను తీశారు. నీలవేణి పిన్ని మొదట చెప్పింది.

"మా ఆయన పేరుతోనే చదవండి. పల్లంరాజు కుటుంబం. లేచేది మాత్రం నేను."

నవ్వులు. బుల్లియ్యగారు కూడా నవ్వారు. రాసి, చదివారు. పిన్ని లేచింది. తర్వాతి ఆవిడ తన పేరే చదవమంది. ఇంకొకావిడ మొగుడి పేరు చెప్పి, మళ్ళీ ఆగి, "వద్దులెండి, తాగి తన్నేవాడు. నా పేరే చదవండి," అంది. ఒక్కొక్కరే లేస్తున్నారు. పందిరికి ఎడమవైపు ఎప్పుడూ కూర్చునే ఉండేది. ఇప్పుడు అక్కడ అక్కడక్కడా తలలు పైకి లేచి ఉన్నాయి.

అమ్మ వంతు వచ్చింది. ఆయన అడగకుండానే రాసేస్తున్నారు. "యేసురత్నం గారి కుటుంబం."

"కాదండి," అంది అమ్మ.

"మీ పేరే రాయమంటారా?"

"కాదండి. సూర్యకళ కుటుంబం."

పెన్ను ఆగింది. పందిట్లో గుసగుసలు బయల్దేరాయి. మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఆడదాని పేరు మీద కుటుంబం మా పేటలో ఇంతవరకు లేదు. ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి మెల్లిగా అన్నారు. "మరి... అల్లుడుగారు ఉన్నారు కదండీ, రత్నమాణిక్యం గారూ."

"ఆయన ఈ బియ్యం కొనలేదండి."

చెయ్యి అడ్డం పెట్టినా మైకులో వినపడింది. అమ్మ కూర్చుంది. బుల్లియ్యగారు రాసుకున్నారు. కాగితం కాస్త దూరంగా పట్టుకుని, మిగతా పేర్లు చదివిన గొంతుతోనే చదివారు.

"సూర్యకళ కుటుంబం."

ఎవరిదో పేరు పిలిచారనిపించింది గానీ అది నేనే అనిపించలేదు. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"లేవే. పిలుత్తన్నారు."

లేచాను. కుడివైపు నుంచి ఎనభై నాలుగు మంది ఇంటి పెద్దలు చూస్తున్నారు. నేనూ వాళ్ళని చూశాను. గురువుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. మగవాళ్ళు కూర్చున్నారు, పిన్ని కూర్చుంది, ఆకులు వేస్తూ బేబీ మా వరసలోకి వచ్చి, "అక్కా, కూర్చో, అన్నం చల్లారిపోద్ది," అంది.

నేను ఇంకా నిలబడే ఉన్నాను.